లంకలో ఇల్లు కట్టేముందు

లంకలో ఇల్లు కట్టుకునేవాడు సింహద్వారం ఎటు పెట్టాలో చూసుకోవడానికి ముందు పడవ ఎక్కడ కట్టాలో చూసుకోవాలని మా నాన్నగారు అంటూండేవారు. వైనతేయ గోదావరి ఒడ్డున, పాత రాజోలు తాలూకాలోని ఒక లంక గ్రామంలో పుట్టి పెరిగినవాణ్ణి గనుక ఆ మాటలో నాకెప్పుడూ విశేషమేమీ కనిపించలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు తాకినప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. వాస్తు ప్రకారం చక్కగా తూర్పుకు పెట్టిన మా గుమ్మంలోంచి నీళ్ళు లోపలికి వచ్చాయి. మేము మాత్రం పెరటివైపు నుంచి, కొబ్బరిచెట్టుకు కట్టి ఉంచిన నాటుపడవలో బయటికి వచ్చాము. వరద వస్తుంది, పడవ కావాలి, అంతే కదా అనుకున్నాను. యాభై దాటిన తర్వాత, అమలాపురంలో ఒక ఆసుపత్రి సర్వర్ల గదిలో తల పట్టుకుని కూర్చున్న రోజున ఆ మాట మళ్ళీ గుర్తుకొచ్చింది.

ముందుగా ఒక మనవి. ఇందులో యంత్రాల గోల కొంత ఉంటుంది. నాకు వచ్చిన విద్య అదొక్కటే మరి. ఆ పనితో పరిచయం లేనివారికి కూడా అందేలా రాయడానికి ప్రయత్నిస్తాను. విసుగనిపిస్తే మధ్యలో ఒకటి రెండు పేరాలు దాటవేసినా కథ చెడదు.

హైదరాబాదులో ఇరవై రెండేళ్ళపాటు సర్వర్లను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగాలు చేశాను. 2020లో, ఇంటినుంచే పని చేసుకోవచ్చునన్న కరోనా రోజుల్లో, అమలాపురం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. 2024 మే నెలలో ఒక సాయంత్రం నా చిన్ననాటి స్నేహితుడు ఫోను చేశాడు. ఊళ్ళో అతనికి అరవై పడకల ఆసుపత్రి ఉంది.

"ఒరేయ్, మా రెండు సర్వర్లకీ ఎనిమిదేళ్ళు నిండాయట. విడిభాగాలు దొరకవంటున్నారు. కొత్తవి కొంటాను. వాటిమీద ఏం వెయ్యాలో నువ్వు చెప్పాలి."

"అదెంతసేపు? వారంలో చెప్పేస్తాను" అన్నాను.

నాలుగు నెలలు పట్టింది.

ఇంతకీ 'ఏం వెయ్యాలి' అంటే ఏమిటి? ఆ ఆసుపత్రిలో బిల్లులకు ఒక కంప్యూటరు, రక్తపరీక్షల ఫలితాలకు ఒకటి, మందుల నిల్వకు ఒకటి, ఎక్స్‌రే చిత్రాలకు ఒకటి, ఇలా మొత్తం ఏడు కావాలి. నిజానికి ఉన్నవి రెండే. ఆ రెండింటినే ఏడుగా పంచి, ప్రతిదానికీ తానొక ప్రత్యేక యంత్రాన్నే అన్న భావన కలిగించే విద్య ఒకటుంది. దాన్నే వర్చువలైజేషన్ అంటారు. దీనికి తెలుగులో ఏ మాట స్థిరపరచాలో నాకింకా తేలలేదు. 'మిథ్యాయంత్రం' అంటే మరీ వేదాంతంలోకి పోయినట్టుంటుంది. పైగా రోగికి వచ్చే బిల్లులో మిథ్య ఏమీ ఉండదు.

కోనసీమవాళ్ళకు దీన్ని చెప్పడం తేలిక. మా తోటల్లో పైన కొబ్బరి, దాని నీడన కోకో, వరసల మధ్య అరటి, నేలలో కంద, కొబ్బరిమానుకు పాకించిన మిరియపు తీగ ఉంటాయి. నేల ఒకటే, పంటలు అయిదు. ఏ పంటకు ఎంత నీరు, ఎంత ఎరువు అన్నది చూసుకునే రైతు ఒకడుంటాడు. సర్వరులో ఆ రైతు పని చేసే సాఫ్టువేరును హైపర్‌వైజర్ అంటారు. ప్రాసెసరు కాలవ నీటి వంటిది. దాళ్వాకు నీరు చాలనప్పుడు వంతులవారీగా ఇచ్చినట్టు దాన్ని వంతులు వేసి అందరికీ సర్దవచ్చు. మెమరీ మాత్రం నేల వంటిది. ఎకరం నేలను ఇద్దరికి ఒకేసారి రాసిస్తే తగువు తప్పదు. ఎంతో అనుభవమున్నవారు కూడా ఈ తేడా మరచి చిక్కుల్లో పడుతుంటారు.

ఈ పోలికలో రెండో సగం కూడా ఉంది. 1996 నవంబరు 6 నాటి తుపానులో మా తోటలో కొబ్బరిచెట్లు మొదలంటా కూలాయి. వాటి కింద ఉన్న అరటీ పోయింది, కోకో పోయింది. ఒకే నేలమీద అయిదు పంటలు వేసుకున్నవాడికి గాలి ఒక్కటే చాలు. ఒకే యంత్రం మీద ఏడు యంత్రాలు నడిపేవాడి పరిస్థితీ అంతే. లాభమెక్కడుందో ప్రమాదమూ అక్కడే ఉంది.

ఈ విద్య మరీ కొత్తదేమీ కాదు. ఐబీఎం వారు తమ పెద్ద యంత్రాలమీద 1960లలోనే దీన్ని సాధించి, 1972లో వీఎం/370 పేరిట అందరికీ అందించారు. ఒక యంత్రాన్ని ఇలా పంచాలంటే దానికి ఏ లక్షణాలుండాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు పండితులు సూత్రీకరించారు. మనం వాడే ఎక్స్86 జాతి ప్రాసెసర్లకు ఆ లక్షణాలు పూర్తిగా ఉండేవి కావు. ఆ లోటును సాఫ్టువేరుతోనే దాటవచ్చునని చూపినది 1998లో పుట్టిన వీఎంవేర్ సంస్థ. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి జెన్ వచ్చింది. 2005, 2006లలో ఇంటెల్, ఏఎండీ సంస్థలు ఆ సదుపాయాన్ని ప్రాసెసర్లలోనే పొదిగాయి. 2007లో లినక్సు కెర్నెల్‌లోనే కేవీఎం చేరింది. 2008లో మైక్రోసాఫ్టు హైపర్-వి వచ్చింది. అదే ఏడు వియన్నా నగరంలోని ఒక చిన్న సంస్థ డెబియన్ లినక్సు పునాదిగా, కేవీఎం తదితరాలను ఒక చోట చేర్చి, బ్రౌజరులోంచి నడుపుకునేలా ప్రోక్స్‌మాక్స్ అనే వేదికను విడుదల చేసింది. చిత్రమేమిటంటే నా ఉద్యోగ జీవితమంతా ఈ ఒక్క పేరాలో ఇమిడిపోయింది.

మొదటి వారం నేను చేసిన పని అందరూ చేసేదే. ఒక పెద్ద కాగితం తీసుకుని గళ్ళు గీశాను. నిలువు గళ్ళలో వేదికల పేర్లు, అడ్డు గళ్ళలో సదుపాయాలు, ఉన్నచోట టిక్కు, లేనిచోట సున్నా. చివరికి చూస్తే అన్ని గళ్ళలోనూ టిక్కులే ఉన్నాయి. అరవై పడకల ఆసుపత్రికి కావలసినవన్నీ అన్నిటిలోనూ ఉన్నాయి. ఆ కాగితం నాకేమీ చెప్పలేకపోయింది.

నా మనసు వీఎంవేర్ వైపు మొగ్గింది. దాచడమెందుకు, అది నా అన్నం. పరిణతిలో దానికి పెద్దరికం ఉంది, వేలాది యంత్రాలు నడిపేవారికి దాని సదుపాయాలు వేరు. అయితే 2023 నవంబరు 22న ఆ సంస్థ బ్రాడ్‌కామ్ చేతిలోకి వెళ్ళింది. డిసెంబరులో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి, పూర్తిగా చందా పద్ధతికి మారింది. ఉచితంగా ఇచ్చే ఈఎస్ఎక్స్ఐని 2024 ఫిబ్రవరిలో ఆపి, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ ఇవ్వసాగింది. మా ప్రాంతపు భాషలో చెప్పాలంటే, కొనుక్కునే చేను మక్తా చేనయింది. మక్తాలో తప్పేమీ లేదు, ఎందరో మక్తాకు చేసుకునే బతుకుతున్నారు. కానీ మక్తాకు దిగేవాడు మరుసటి ఏడు మక్తా ఎంతో, కామందు ఎవరో తెలియదన్న లెక్క కూడా వేసుకునే దిగాలి.

హైపర్-వి ని కూడా తేలిగ్గా తీసెయ్యలేదు. ఆసుపత్రి బిల్లుల సాఫ్టువేరు విండోస్ మీదే నడుస్తుంది. కాబట్టి కింద ఏ వేదిక ఉన్నా విండోస్ సర్వరు లైసెన్సులు, అదీ అసలు యంత్రపు కోర్ల లెక్కన, ఎలాగూ కొనాలి. కొన్నాక హైపర్-వి దానితోపాటే వస్తుంది. విండోస్‌తో బతికేవారికి అది తెలివైన దారి.

"ఇవన్నీ ఎందుకురా, మబ్బుమీద పెట్టేస్తే పోదా?" అని మా డాక్టరు అడిగాడు. క్లౌడు అని అతని ఉద్దేశం.

"2022 మే గుర్తుందా?" అన్నాను.

ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చే ప్రతిపాదన మీద మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాయి. తరువాత కొన్ని రోజులు ఇక్కడ మొబైలు అంతర్జాలం ఆపివేశారు. అప్పుడు నేను లాప్‌టాపు సంచి భుజాన వేసుకుని ఎదుర్లంక దగ్గర గౌతమి గట్టుకు పోయి, అవతలి ఒడ్డునున్న యానాం సిగ్నలు పట్టుకుని పని చేసుకున్నాను. నా ఉద్యోగానికి గట్టు సరిపోయింది. అర్ధరాత్రి వచ్చిన రోగికి కిందటి వారపు రక్తపరీక్ష ఎంతో చూడాలంటే ఏ గట్టుకు పోతాం? మూడు పక్కల గోదావరి, నాలుగో పక్క సముద్రం ఉన్న నేల ఇది. ప్రతిని ఏటికి అవతల దాచుకోవాలి గానీ అసలును ఇవతలే ఉంచుకోవాలి. ఆ మాట అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, వెంటనే ఇంకొకటి అడిగాడు.

"సరే, ఇక్కడే పెడదాం. ఏది పెట్టినా సరే, అది రాత్రి రెండింటికి ఆగిపోతే ఎవరొస్తారు?"

"నేను లేనూ?"

"నువ్వు లేకపోతే?"

నా దగ్గర జవాబు లేదు. ఏడు యంత్రాల మధ్య ఎక్కడ ఏ ఒక్కటి పడితే మొత్తం ఆగిపోతుందో వెతుకుతూ వారం గడిపినవాణ్ణి. అలాంటివాటిలో మొదటిది నేనేనని నాకు తట్టనే లేదు.

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే కుర్రవాడు ఒకడున్నాడు. కొత్తపేట దగ్గరి పల్లెటూరివాడు. డిప్లమా చదివాడు. ప్రింటర్లు బాగుచేయడం, తీగలు లాగడం అతని పని. పెద్దగా మాట్లాడడు. ఆ రోజు మా సంభాషణ విన్నాడు కాబోలు, వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి అడిగాడు.

"సార్, ఇది ఆగిపోతే తప్పు ఎవరిదవుద్దండీ?"

ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎందుకో చెప్పాలంటే 2011కి వెళ్ళాలి.

అప్పుడు హైదరాబాదులో ఒక మందుల పంపిణీ సంస్థలో సర్వర్ల బాధ్యత నాది. ఏదో మార్పు చేసేముందు ఒక యంత్రానికి స్నాప్‌షాట్ తీశాను. ఆ క్షణానికి యంత్రం ఎలా ఉందో గుర్తుపెట్టుకుని, అటుపైన జరిగే మార్పులన్నీ వేరే దస్త్రంలో రాసుకుంటూ పోయే సదుపాయం అది. పని సవ్యంగా జరిగాక దాన్ని తీసెయ్యాలి. నేను మరచిపోయాను. ఆ దస్త్రం అయిదు నెలలు పెరుగుతూ పోయి, ఒక శనివారం రాత్రి డిస్కు మొత్తం నిండింది. ఆ డిస్కు మీదున్న యంత్రాలన్నీ ఒక్కసారి నిలిచిపోయాయి. కంగారులో నేను చేసిన రెండు మూడు పనులు ఉన్నదాన్ని కూడా చెడగొట్టాయి. నేను ఇంతకాలం బ్యాకప్ అనుకుంటున్నది కూడా అదే డిస్కుల పెట్టెలో ఉందని అప్పుడు గ్రహించాను. మూడు రోజుల లెక్కలు పోయాయి.

సోమవారం పెద్దలు కూర్చున్నారు. డిస్కు నిండుతోందన్న హెచ్చరికలు ఒక ఈమెయిలు పెట్టెలోకి వస్తూనే ఉన్నాయి. దాన్ని చూడాల్సిన బాధ్యత కాగితం మీద నా కింద పనిచేసే ఒక కుర్రవాడిది. అతనికి ఆ పెట్టె తాళం నేనెప్పుడూ ఇవ్వలేదు. "హెచ్చరికలు ఎందుకు చూడలేదు?" అని అతన్ని అడిగారు. అతను నా వైపు చూశాడు. నేను బల్లవైపు చూశాను. నెల తిరక్కుండా అతను ఉద్యోగం మానేశాడు. నా జీతం మరుసటి ఏడు పెరిగింది.

దీన్ని ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాయకుండా ఈ వేదికల సంగతి మాట్లాడటం నిజాయితీ కాదనిపించింది.

మరునాడు ఆ గళ్ళ కాగితం పక్కన పడేసి, కొత్త కాగితం మీద మూడే ప్రశ్నలు రాసుకున్నాను. ఒకటి: నేను లేని రాత్రి దీన్ని ఈ కుర్రవాడు లేపగలడా? రెండు: అతను దీన్ని ఎవరి అనుమతీ అక్కర్లేకుండా విరగ్గొట్టి నేర్చుకోగలడా? మూడు: రేపు దీన్ని వదిలి పోవాలంటే దారి ఉందా? ఈ మూడో ప్రశ్న దగ్గరే నాన్నగారు గుర్తొచ్చారు. పడవ ఎక్కడ కట్టాలి?

పరీక్షలు మొదలుపెట్టాము. ఆసుపత్రిలో పక్కన పడేసిన రెండు పాత కంప్యూటర్లమీద హైపర్-వి నీ, ప్రోక్స్‌మాక్స్‌నీ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూశాము. హైపర్-వి సాఫీగా సాగింది. ప్రోక్స్‌మాక్స్‌తో మొదటిరోజే దెబ్బ తగిలింది. బిల్లుల యంత్రాన్ని అందులోకి తెచ్చి లేపితే నీలం తెర వచ్చింది. కేవీఎం కింద విండోస్ డిస్కును చూడాలంటే వర్ట్ఐఓ అనే డ్రైవర్లను పాత ఇంట్లో ఉండగానే వేసి తీసుకురావాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. అతను రెండు రోజులు కొట్టుకుని, చదివి, తనే కనుక్కున్నాడు. కనుక్కున్నాక అతని మొహం చూడాల్సింది.

ఆ కంప్యూటర్లలో ఒకదాన్ని అతను ఇంటికి పట్టుకుపోతానని అడిగాడు. రాత్రిళ్ళు దానిమీద ప్రోక్స్‌మాక్స్ వేయడం, పాడుచేయడం, మళ్ళీ వేయడం మొదలుపెట్టాడు. దానికి లైసెన్సు కోసం ఎవరి దగ్గరా చేయి చాపనక్కర్లేకపోయింది. రెండో ప్రశ్నకు జవాబు అలా దొరికింది. మూడోదానికి కూడా: అందులోని డిస్కు దస్త్రాలు కేవీఎం ఉన్న ఏ మామూలు లినక్సు యంత్రం మీదైనా తెరుచుకుంటాయి. ఒక ఆదివారం ప్రోక్స్‌మాక్స్ అన్నదే లేని ఒక ఉత్త లినక్సు కంప్యూటరు మీద బిల్లుల యంత్రాన్ని లేపి చూశాము. లేచింది. పడవ ఉంది.

మొదటి ప్రశ్న దగ్గర మాత్రం చాలా నేర్చుకోవలసి వచ్చింది. రెండు యంత్రాలను జంటగా కడితే ఒకటి పడగానే రెండోది పని అందుకుంటుందనుకున్నాడు మా కుర్రవాడు. ఒకదాని ప్లగ్గు పీకాడు. రెండోది బిగుసుకుని కూర్చుంది.

"ఇదేంటండీ సార్, ఇదీ చచ్చిపోయిందా?"

చచ్చిపోలేదు. అవతలివాడు నిజంగా పోయాడో, మధ్యలో తీగ మాత్రమే తెగిందో దానికి తెలియదు. తెలియకుండా పని అందుకుంటే ఇద్దరూ ఒకే ఖాతా పుస్తకాన్ని వేర్వేరుగా రాస్తారు, రేపు ఏది నిజమో తేలదు. అందుకే సగానికి మించిన ఓట్లు లేనిదే కదలకూడదని నియమం. ఇద్దరిలో ఒకరు సగమే అవుతారు. మా ఊళ్ళల్లో గట్టు తగువులకు ఇద్దరు పెద్దమనుషులు చాలరని, మూడోవాణ్ణి పిలుస్తారే, అదే ఇక్కడ కూడా. ఒక చిన్న పాత కంప్యూటరును మూడో ఓటు కోసం మాత్రమే పెట్టాము. అది ఏ పనీ చెయ్యదు. తగువు వచ్చినప్పుడు ఒక మాట చెబుతుంది, అంతే.

రక్తపరీక్షల సాఫ్టువేరు మరో పేచీ పెట్టింది. దాని లైసెన్సు ఒక యూఎస్‌బీ డాంగిల్‌లో ఉంది. అది గుచ్చి ఉన్న యంత్రం మీదే సాఫ్టువేరు పలుకుతుంది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు ఆ ప్రయోగశాల ప్రాణం ఆ చిన్న ముక్కలో ఉంది. యంత్రాలు ఒకదానినుంచి ఒకదానికి తమంతట తామే దూకగలవు గానీ చిలక ఎగరలేదు. దాన్ని మనిషే తీసి రెండో పంజరంలో పెట్టాలి.

ఒక యంత్రంలోని డిస్కుల ప్రతిని రెండోదానికి పదిహేను నిమిషాలకొకసారి పంపే ఏర్పాటు పెట్టాము. అంటే ఒకటి హఠాత్తుగా పోతే చివరి పదిహేను నిమిషాల్లోపు రాసినది పోవచ్చు. ఈ మాటను డాక్టరుకు దాచకుండా చెప్పాను. "పోనీలే, ల్యాబులో కాగితం రిజిస్టరు ఆపొద్దని చెబుతాను, దాంట్లోంచి మళ్ళీ కొట్టుకుంటారు" అన్నాడు. పావుగంట కూడా పోకుండా చూడాలంటే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఏది ఎంతవరకు పోవచ్చునో ముందే ఒప్పుకోవడం కూడా వేదికను ఎంచుకోవడంలో భాగమే. రోజువారీ బ్యాకప్ పై అంతస్తులో వేరే యంత్రంలోకి వెళుతుంది. ఇంకొక ప్రతి తాళం వేసి, గోదావరి దాటి రాజమండ్రికి వెళుతుంది.

సెప్టెంబరులో నా అభిప్రాయం చెప్పాను. ప్రోక్స్‌మాక్స్.

"ఊరికే వచ్చేదానికి ఆసుపత్రిని అప్పజెప్పమంటావా?" అన్నాడు డాక్టరు. న్యాయమైన అనుమానమే.

"ఊరికే వచ్చేది సాఫ్టువేరు మాత్రమే. దాన్ని కాపాడే మనిషి ఊరికే రాడు" అన్నాను. బాగా పరీక్షించిన నవీకరణల కోసం ఏటా ప్రాసెసరు లెక్కన ఆ సంస్థకు చందా కట్టమన్నాను. మిగిలిన డబ్బులో కొంత కుర్రవాడి జీతానికి కలపమన్నాను. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నాడు. రెండోదానికి రెండు వారాలు తీసుకున్నాడు.

యంత్రాలు వచ్చాక కూడా తుపాన్ల కాలం దాటేదాకా ఆగాము. నవంబరంటే నాకింకా భయమే. డిసెంబరు మూడో వారంలో, ఒక ఆదివారం రాత్రి, ఏడు యంత్రాలనూ కొత్తింట్లోకి తెచ్చాము.

అంతకు ముందు ఒక పని చేశాము. యంత్రం ఆగిపోతే ఏం చెయ్యాలో ఒకే ఒక్క కాగితం మీద, తెలుగులో రాయమని కుర్రవాడికి చెప్పాను. మొదటిసారి నాలుగు పేజీలు వచ్చింది. కొట్టేసి మళ్ళీ రాయించాను. నాలుగోసారికి పదకొండు వాక్యాలకు దిగింది. ఆ కాగితాన్ని సర్వర్ల గది గోడకు అంటించాము. దాని పక్కనే ఒక పుస్తకం వేలాడదీశాము: తేదీ, ఏం జరిగింది, ఏం చేశాము. 

"ఎవరి తప్పో రాయడానికి గడి లేదేంటండీ?" అన్నాడు.

"అక్కర్లేదు. ఆ గడి ఉంటే మిగతా గడుల్లో ఎవరూ నిజం రాయరు" అన్నాను. ఆ మాట అంటూ ఉండగా నేను చూసిన ఆ బల్ల మళ్ళీ కళ్ళముందు కనపడింది.

2025 జనవరిలో కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాను. ఏకాదశ రుద్రుల ప్రభలు ఒకటొకటిగా వస్తున్నాయి. ఆ జనంలో ఫోనుకు సిగ్నలు లేదు, నేనూ చూసుకోలేదు. ఇంటికి వచ్చి పడుకున్నాను. మరునాడు పొద్దున్న ఆసుపత్రికి వెళితే, గోడకున్న పుస్తకంలో కొత్త దస్తూరి కనిపించింది.

సాయంత్రం ఆరు దాటాక ఒక సర్వరు ఆగిపోయింది. కరెంటు సరఫరా పెట్టెలో దోషం. దానిమీదున్న యంత్రాలు కొద్ది నిమిషాల్లో రెండోదానిమీద లేచాయి. ల్యాబు సాఫ్టువేరు మాత్రం పలకలేదు. 'చిలకను తీసి రెండో పంజరంలో పెట్టాను' అని రాశాడు, అచ్చం అలాగే. చివరి పదకొండు నిమిషాల్లో ఎక్కించిన మూడు పరీక్షల ఫలితాలు పోయాయి, రిజిస్టరులోంచి మళ్ళీ ఎక్కించారు. కింద తేదీ, సంతకం.

"నాకు ఫోను చెయ్యలేదేం?" అన్నాను. కొంచెం నొచ్చుకున్నాననే చెప్పాలి.

"కాగితంలో ఏడో వాక్యం దగ్గరే అయిపోయిందండీ. మీకు చెయ్యమన్నది తొమ్మిదోదండి" అన్నాడు.

ఆ రోజు ఇంటికి వచ్చాక 2011 నాటి కుర్రవాడి చిరునామా వెతికి ఒక ఉత్తరం రాశాను. ఆ హెచ్చరికల పెట్టె తాళం నేను ఇవ్వలేదని, ఆ రోజు ఆ మాట చెప్పాల్సిందని రాశాను. పద్నాలుగేళ్ళు ఆలస్యం. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు కూడా నాకు లేదు.

ఇప్పుడు ఎవరైనా ఏ వేదిక మంచిదని అడిగితే నేను పేరు చెప్పను. మాకు కుదిరింది మీకు కుదరకపోవచ్చు. మీ దగ్గర విండోస్ తెలిసిన మనిషి ఉంటే హైపర్-వి యే మేలు కావచ్చు. వందల యంత్రాలుంటే లెక్కే వేరు. సదుపాయాల పట్టిక గీసే ముందు మాత్రం, అది ఆగిపోయిన రాత్రి ఆ గదిలో ఎవరుంటారో ఆ మనిషిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. అతను తన భాషలో ఒక కాగితం మీద రాయలేని ఏర్పాటును అసలు పనిలో పెట్టకండి.

ప్రతి నెలా మొదటి ఆదివారం మేము ఏదో ఒక యంత్రాన్ని బ్యాకప్ నుంచి మళ్ళీ లేపి చూస్తాము. ఏ యంత్రమన్నది చీటీ వేసి తీస్తాము. ఈసారి ఎక్స్‌రేల యంత్రం వచ్చింది. అది పెద్దది, సాయంత్రం దాకా పడుతుంది. నన్ను రావద్దన్నాడు. అయినా వెళ్ళాలి, చీటీ తీసేది నేనే గనుక.

సెలవు.